లింగంపల్లి నుండి చార్మినారునకు

గడచిన వేసవిలో మా మేడలోని సోదరి యొకతె భర్తతోను పిల్లలతోను ఐరోపాఖండము చూచి వచ్చినది. వియన్నాలో రైలెక్కి నాలుగు గంటలలో ప్రాగు నగరము చేరితిమనియు, అచ్చట 1357లో పునాది వేసిన రాతివంతెనపై జనులు నేటికిని నడచుచున్నారనియు ఆమె చెప్పుచుండగా, ఫోనులోని చిత్రములు చేతినుండి చేతికి మాఱుచుండెను. మేమందఱము శేరిలింగంపల్లిలో నొకే అపార్టుమెంటున కాపురముండువారము. సాయంకాలమున క్రింది తోటలో కూడి మాటలాడుకొనుట మాకు వాడుక. మా కూటమిలో పెద్దవారు మామ్మగారు. వయస్సు డెబ్బదియాఱు, గుంటూరు జిల్లానుండి కుమారునియొద్దకు వచ్చి తొమ్మిదేండ్లైనది. ఆమె కంటి అద్దములు సవరించుకొని, చిత్రములన్నియు నోపికతో చూచి, తుదకు, “బాగున్నాయమ్మా. ఇంతకీ మన చార్మినారు దగ్గరికి వెడితే ఎట్లా వుంటుంది?” అని యడిగిరి.

బదులు చెప్పగలవారు లేకపోయిరి. మాలో నొకామె పదునెనిమిదేండ్లుగా నిచ్చటనే యున్నది. చార్మినారును బిస్కత్తుల డబ్బాలమీద తప్ప చూడలేదు. మఱియొకామె పెండ్లియైన క్రొత్తలో నొక రాత్రి మోటారులోనుండి చూచినదట. అప్పుడు వాన కురియుచుండెనని మాత్రమే జ్ఞాపకము. ప్రాగు పోయి వచ్చిన సోదరి తానును చూడలేదని తల వంచుకొనెను. మెదకు జిల్లా ఆడపడుచు నొకామెను మేమందఱము అక్కా యని పిలుతుము. చిన్నతనమున ప్రతి రంజానుకు ముందు తండ్రి వెంట గాజులకును అత్తరుకును పాతనగరమునకు పోయిన దామె యొక్కతెయే. “ఒక్క రైలే అమ్మా. నడుమల మారేది గూడ లేదు. రమ్మంటే నేను తోల్కపోత” అని యామె యనెను.

ఇంటింటను మగవారు మొదట నవ్విరి; తరువాత కొంచెము ముఖము చిట్లించిరి. పాతబస్తీకా, ఆడవారే వెళ్లెదరా, దారి తప్పినచో నేమి చేసెదరు, కారు కుదిర్చెదము, ఆదివారము దాక ఆగుడు అని పలువిధములుగా చెప్పిరి. వారి మాటలలో ప్రేమయే కలదు, కాదనము. కాని వియన్నాలో భాష తెలియక యైనను రైలెక్కిన యిల్లాలికి తన యూరిలో రైలెక్కుటకు తోడు కావలెనా యని అక్క అడిగిన ప్రశ్నకు వారు బదులు చెప్పలేదు. కారు మాకు వలదంటిమి. కారులో పోవువారు చేరుదురేకాని దారి నెఱుగరు. బుధవారమున పిల్లలను బడికి పంపి, అయిదుగురము ఉదయము తొమ్మిది గంటలకు లింగంపల్లి స్టేషనున చేరితిమి.

ఈ స్టేషనును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మా ప్రాంతము క్రొత్తదని లోకము చెప్పుకొనును. ఇచ్చటి సైబరు టవర్సు అను మేడ 1998 నవంబరులో తెఱవబడెను. అటుపిమ్మటనే గాజుగోడల సౌధములు వరుసగా లేచి, రాతిగుట్టలు, సీతాఫలపు పొదలు మాయమైనవి. కాని రైలుబాట వానికంటె నూటయిరువది నాలుగేండ్లు పెద్దది. 1874లో వాడి నుండి సికిందరాబాదువఱకు రైలు నడచెను. బొంబాయి నుండి మద్రాసునకు పోవు పెద్దబాటతో హైదరాబాదును కలుపుటకై వేసిన దారి యది. అప్పటికి ఆఱవ నిజాము మీర్ మహబూబు అలీఖాను ఎనిమిదేండ్ల బాలుడు. రాజ్యభారమంతయు దివాను మొదటి సాలారుజంగు మీదనుండెను. ఆ బాటమీదనే లింగంపల్లి యున్నది. అనగా, మా యింటిముందటి పట్టాలు మా మేడకును, మా వీధికిని, మా ఉద్యోగములకును ముత్తవ్వ యన్నమాట.

నగరములోపలి ప్రయాణమునకై ఎం.ఎం.టి.ఎస్. అను బండ్లు 2003 ఆగస్టు 9వ తేదీన మొదలైనవి. లింగంపల్లినుండి ఇవి రెండు దారుల పోవును. బేగంపేట దాటిన పిదప కొన్ని నాంపల్లి వైపు తిరుగును. కొన్ని సికిందరాబాదు మీదుగా ఫలక్‌నుమా చేరును. చార్మినారు చూడదలచినవారు ఫలక్‌నుమా బండియే యెక్కవలెను. అవి రోజున కొన్నియే కనుక వేళలు ముందుగా చూచుకొనుట మంచిది. టిక్కెట్టు కిటికీయొద్దనైనను ఫోనులోనైనను కొనవచ్చును. అంతదూరమునకు ఆటోవానికిచ్చు సొమ్ములో పదవవంతు కూడ కాదు. స్త్రీలకు ప్రత్యేకముగా పెట్టె యుండును. మేమందులో నెక్కితిమి.

ఆ పెట్టెలో కూర్చున్న గంటకు పైచిలుకు కాలమును మేము మఱవలేము. చందానగరు, హఫీజుపేట గడచినవి. మెడలో గుఱుతుచీటీలు వ్రేలాడు పడుచులు చెవులలో తీగలు పెట్టుకొని కన్నులు మూసి నిలుచుండిరి. వారి ప్రక్కనే, అదే మేడలలో నేల తుడుచుటకు పోవు నడివయస్సు స్త్రీలు అన్నపు డబ్బాలు ఒడిలో పెట్టుకొని కూర్చుండిరి. హైటెక్ సిటీ స్టేషను రాగానే ఇరువురును ఒకే ద్వారమున దిగిరి. పెట్టె ఒక్కమాఱుగా ఖాళీయయ్యెను. బోరబండలో మల్లెలబుట్టతో నొకామె యెక్కెను. ఫతేనగరులో నెక్కిన యిద్దఱు సోదరీమణులు గోకరకాయలు చీరచెఱగున పోసికొని, సికిందరాబాదు వచ్చులోపల నీనెలు తీసి ముగించిరి. మామ్మగారు కొంతసేపు చూచి యూరకుండలేక తామును ఒక పిడికెడు తీసికొనిరి. ఊరేదని వారడిగిరి, పిల్లలెందఱని వీరడిగిరి. సంజీవయ్య పార్కు దాటునప్పటికి వారి యింటి సంగతులన్నియు మాకును, మావి వారికిని తెలిసినవి. ప్రాగు సోదరి మా చెవిలో, “అక్కడ రైల్లో నాలుగు గంటలు కూర్చున్నా పక్కవాళ్ళ పేరైనా తెలియలేదు” అనెను.

సీతాఫల్‌మండి అను పేరు విని, పండ్లు దొరకునాయని మామ్మగారు అడుగగా పెట్టెయంతయు నవ్వినది. తరువాత ఆర్ట్సు కాలేజి. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ముఖమువంటి యా రాతిభవనము 1939లో ప్రారంభమైనది. దాని పేరే స్టేషనునకు పెట్టిరి. కాచిగూడ స్టేషను 1916లో కట్టినది. గుమ్మటములు, మినారులు గల యా కట్టడమును చూచి, దిగవలసినది ఇచ్చటనేయని మాలో నొకామె లేచి నిలుచుండెను కూడను.

కాచిగూడ విడిచి మలక్‌పేట చేరక ముందు బండి మూసీనదిని దాటును. ఇచ్చట కొంచెము సేపు నిలిచి చెప్పవలసియున్నది.

వంతెనమీద వాసన ముక్కున కొట్టినది. మేమందఱము చీరచెఱగులు ముఖమునకు అడ్డము పెట్టుకొంటిమి. క్రింద వెడల్పైన యిసుకమేటల నడుమ నల్లని సన్నని పాయ. “ఇదా మూసీ!” యని మామ్మగారు విస్తుపోయిరి. కృష్ణ యొడ్డున పుట్టి పెరిగిన వారికది నదివలె కనబడకపోవుట వింత కాదు. అయినను 1908 సెప్టెంబరు 28వ తేదీన ఈ పాయయే పొంగి యీ నగరమును ముంచినది. ఒక్కదినములో పదునైదువేలమంది వఱకు చనిపోయిరని లెక్క. అఫ్జల్‌గంజు ప్రాంతమంతయు కొట్టుకొనిపోయినది. నేడు ఉస్మానియా ఆసుపత్రి యున్న ఆవరణలో నొక చింతచెట్టు నిలిచి, తన కొమ్మల నంటిపెట్టుకొనియున్న నూటయేబదిమంది వఱకు ప్రాణములు కాపాడెను. ఉర్దూలో పేరుగన్న కవి అమ్జదు హైదరాబాదీ ఆ వరదలో తన తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తానొక్కడే బ్రతికి బయటపడెను.

ఆ నాశము జరిగిన పిదప నిజాము ప్రభుత్వము మైసూరువాసియైన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి ఉపాయము చెప్పుమనెను. నగరములో కట్టలు కట్టినచాలదు, నీటిని ఎగువనే పట్టి నిలుపవలెనని వారి యాలోచన. ఆ ప్రకారము 1920లో మూసీమీద ఉస్మాన్‌సాగరు, 1927లో దాని యుపనదియైన ఈసామీద హిమాయత్‌సాగరు నిర్మింపబడెను. ఉస్మాన్‌సాగరునే మేము గండిపేట చెఱువందుము. అది మావైపుననే యున్నది. సెలవు దినములలో పిల్లలను తీసికొని, పులిహోర మూట కట్టుకొని మేము పోవు స్థలమది. ఆ కట్ట యెందులకు కట్టిరో, ఎవరి చావు చూచి కట్టిరో ఆ దినమున మూసీవంతెనమీద అక్క చెప్పువఱకు మాకు తెలియదు. మా పిల్లలు గులకరాళ్ళు విసరు నీటికిని, ఈ వాసనగొట్టు పాయకును సంబంధమున్నదని యెవరు తలచెదరు?

దబీరుపుర తరువాత యాకుత్‌పుర. అచ్చట దిగితిమి. చిన్న స్టేషను; దిగిన వెంటనే యిండ్లే. బయట ఆటో దొరకినది. ఆటో నడుపు ముసలివాడు మామ్మగారిని చూచి తాను దిగివచ్చి, “సంబాల్కే అమ్మాజాన్, పైలం” అని చేయూత నిచ్చెను. సందులు ఇఱుకు. మేకపిల్లలు, బడిపిల్లలు, నురుగులెత్తు పాలకడాయిలు, ఇనుపచువ్వల బండ్లు, అన్నియు ఒకే వీధిలో నొకదానినొకటి తప్పించుకొని పోవుచుండెను. వచ్చునప్పుడు మా గుండెలలో కొంత బెదురున్నమాట దాచుట యెందులకు? ఆ సందులలో తలయెత్తి మమ్ము ప్రత్యేకముగా చూచిన వారెవరును లేరు. ఎవరి పని వారిది. ఒక మలుపు తిరుగగానే రెండు దుకాణముల నడుమనుండి ఆకాశమున మినారు కొన కనబడెను.

చార్మినారు 1591లో కట్టబడినది. మహమ్మదీయుల హిజ్రీ లెక్కలో అది వేయవ సంవత్సరము. గోలకొండ కోటలో జనము క్రిక్కిఱిసి, నీటికి కటకట యేర్పడగా, అయిదవ కుతుబ్‌షాహి సుల్తాను మహమ్మదు కులీ మూసీకి ఈవలియొడ్డున క్రొత్తనగరము కట్టదలచెను. నగరపు రూపురేఖలు దిద్దినవాడు మంత్రి మీర్ మోమిను అస్త్రాబాది. నాలుగు దారులు కలియుచోట నీ కట్టడమును నడిబొడ్డుగా నిలిపిరి. ఒక్కొక వైపు ఇరువది మీటర్లు. నాలుగు దిక్కుల నాలుగు పెద్ద కమానులు. పై యంతస్తున మసీదు. కమానులపైనున్న గడియారములు 1889లో అమర్చినవి. మహమ్మారి తగ్గినందుకు మ్రొక్కుబడిగా కట్టించెనని కొందఱును, భాగమతి యను ప్రియురాలి పేర వెలసిన నగరమని కొందఱును చెప్పుదురు. భాగమతి కథ నిజమా కాదా యని పండితులు నేటికిని వాదించుచునే యున్నారు. మాకందులో తీర్పు చెప్పు శక్తి లేదు.

ఆ క్రొత్తనగరము వెలయకముందే, 1578లో, ఇబ్రహీం కుతుబ్‌షా మూసీపై రాతివంతెన కట్టించియుండెను. దానినే పురానాపూలందురు. 1908 వరదకును పూర్తిగా లొంగక నేటికిని నిలిచియున్నది. ప్రాగు వంతెన చూచి వచ్చిన సోదరి ఆ మాట విని, “ఇది కూడా చూడాలి” అనెను. మఱొక వింతయు చెప్పెదము. పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు టావెర్నియే, యాత్రికుడు థెవెనో ఈ నగరమునకు వచ్చి తమ గ్రంథములలో దీనిని వర్ణించిరి. తోటలు మెండుగా నుండుటచే బాగ్‌నగరమని దీనికి పేరు. ఐరోపావారు మన నగరము చూడ నోడలెక్కి నెలల తరబడి ప్రయాణము చేసి వచ్చిరి. మేము గంటన్నరలో వచ్చితిమి. వచ్చుటకు పదునెనిమిదేండ్లు పట్టినది.

పైకి పోవుటకు నూటనలువదితొమ్మిది మెట్లు. మెట్లదారి చుట్లు తిరుగుచు ఇఱుకుగా నుండును, మెట్లెత్తు గలవి. మోకాళ్ళ నొప్పులవారికిని, చీర కుచ్చెళ్లు జారుగా కట్టుకొనువారికిని తగదని మా యనుభవముచే చెప్పుచున్నాము. మామ్మగారును అక్కయు క్రింద కూర్చుండిరి. మేము మువ్వురము పైకెక్కితిమి. పైనుండి చూచిన నలుదిక్కుల నాలుగు దారులు తాడు పట్టి గీచినట్లు తిన్నగా పోవును. ఒక దిక్కున చార్ కమాను, గుల్జారు హౌజు; నైఋతి దిక్కున మక్కా మసీదు. ఆ మసీదు కుతుబ్‌షాహీల కాలమున ఆరంభమై, గోలకొండ 1687లో మొగలుల వశమైన పిదప 1694లో ఔరంగజేబుచే ముగింపబడినది.

దిగివచ్చునప్పటికి అక్క మామ్మగారికొక కథ చెప్పుచుండెను. పురుషుల చరిత్రలో నొక వాక్యముగా మిగిలిపోవు కథ కనుక మేమిక్కడ కొంచెము విపులముగా వ్రాయుచున్నాము. నగరము కట్టించిన మహమ్మదు కులీకి హయాత్ బక్షీ బేగమను కుమార్తె కలదు. ఆమెను మేనత్తకొడుకు వరుస కాదు, పినతండ్రి కొడుకునకే యిచ్చి పెండ్లిచేసిరి. మామగారి తరువాత నతడే సుల్తానయ్యెను. 1626లో అతడు మరణింపగా కుమారుడు అబ్దుల్లా చిన్నవాడు. తల్లియే వెనుకనుండి రాజ్యము నడిపెను. జనులామెను మాసాహెబా యనిరి. 1656లో మొగలుసేన వచ్చిపడి హైదరాబాదును దోచుకొనెను, అబ్దుల్లా గోలకొండ కోటలో దాగెను, కోటను ముట్టడించిరి. అప్పుడా వృద్ధమాత తానే కోట వెడలి శత్రువు శిబిరమునకు పోయి, ఔరంగజేబుతో సంధిమాటలాడెను. అపారమైన ధనము చెల్లించుటకును, అబ్దుల్లా కుమార్తెను ఔరంగజేబు కుమారునకిచ్చుటకును ఒప్పందము జరిగెను. ముట్టడి తొలగెను. ఒక పిల్లను వెలగా పెట్టి కొన్న శాంతి యది, కాలము తీరట్టిది. అయినను ఆ కోట మఱి ముప్పదియొక యేండ్లు స్వతంత్రముగా నిలిచినది. హయాత్‌నగరు ఆమె పేరే. 1667లో మరణించిన యామె సమాధి గోలకొండ దగ్గఱ కుతుబ్‌షాహీల సమాధుల నడుమ, సుల్తానుల గుమ్మటములకు తీసిపోనిదై యున్నది.

మామ్మగారు శ్రద్ధగా విని, “శత్రువు దగ్గరికి ఒక్కతే వెళ్లిందా? అప్పటికి మొగుడు పోయాడుగా!” అనిరి.

“పోయి ముప్పై ఏండ్లయింది” అని అక్క చెప్పెను.

మామ్మగారు మఱేమియు ననలేదు.

గుల్జారు హౌజు వైపు నాలుగడుగులు వేయగనే మామ్మగారి చెప్పు పట్టీ తెగినది. ఆ రాతి నేలపై మధ్యాహ్నపు టెండలో వట్టికాళ్ళ నడచుట యసాధ్యము. గొడుగు క్రింద కూర్చున్న చెప్పులు కుట్టువాడు పని ముగించునంతవఱకు తన చెక్కపీట మామ్మగారికిచ్చి తాను గొంతుకూర్చుండెను. అటుపిమ్మట నొక యిరానీ హోటలులో చాయి త్రాగితిమి. మామ్మగారు హోటలు తేనీరు పుచ్చుకొని యెఱుగరు. ఆ దినమున పుచ్చుకొనిరి, ఉస్మానియా బిస్కత్తును ముంచుకొని తినిరి కూడను. పాలు చిక్కగానున్నవనియు, చక్కెర యెక్కువనియు తీర్పు చెప్పిరి.

ఇక లాడ్ బజారు. చార్మినారునకు పడమట మొదలై యిరువైపుల గాజుల దుకాణములే. ఇచ్చటి లక్కగాజులు ప్రసిద్ధి కెక్కినవి. 2024లో వీనికి హైదరాబాదు పేర భౌగోళిక గుర్తింపు లభించెను. అనగా, వేఱుచోట చేసినవానిని ఆ పేరున అమ్మరాదు. దుకాణముల దీపములలో మెఱయు గాజులు మేము చాలసేపు చూచితిమి. కాని మా కన్నులు నిలిచినది ప్రక్కసందులో, నొక యింటి గుమ్మమున. ఒక స్త్రీ నేలపై కూర్చుండి బొగ్గుల కుంపటిమీద లక్క కాచుచుండెను. లక్క యనగా చెట్లకొమ్మలపై నొక చిన్నపురుగు కూడబెట్టు జిగురు. దానిని కాచి, పొడి కలిపి, మెత్తబడినదానిని త్రాడువలె సాగదీసి, లోహపు చుట్టుకు పొదిగి, వేడి యారకముందే పట్టుకారుతో నొక్కొక అద్దపురవ్వను అదుముచుండెను. చల్లారినచో రవ్వ పట్టదు; మరల కుంపటిమీద పట్టవలెను. ఆమె వ్రేళ్ళకొనలు నల్లబడి చెక్కవలె గట్టిపడియున్నవి. “ఇప్పుడు కాలినా తెల్వదు” అని నవ్వెను. దుకాణమున మేము బేరమాడిన జతకు తనకు దక్కునదెంతయో ఆమె చెప్పగా విని, తిరిగిపోయి మఱల బేరమాడుటకు మాకు నోరు రాలేదు. చదువరులైన సోదరీమణులు లాడ్ బజారున బేరమాడకూడదని మేమనము. దుకాణదారు రెండింతలు చెప్పుట నిజమే. తయారుచేయు నింటికి పోయి కొనుట వీలైనచో నట్లు చేయుడు.

మేము అచ్చటనే కొంటిమి. గుమ్మమున చాప పఱచి యామె మమ్ము కూర్చుండుమనెను. మామ్మగారు మాత్రము కొంచెము వెనుకగా, గోడప్రక్కన నిలుచుండిరి. వారి భర్త పోయి పదునొకండేండ్లైనది. చేతులకు ఒక్కొక సన్నని బంగారు గాజు తప్ప మఱేమియు లేవు. శుభకార్యములలో గాజులు తొడుగు వేళకు వారే లేచి లోపలికి పోవుట మేమెఱుగుదుము. ఎవరును పొమ్మనరు, అయినను పోవుదురు. శాస్త్రములో నెట్లున్నదో చెప్పజాలము కాని, మన యిండ్లలో నెట్లున్నదో చదువరులకు తెలియనిది కాదు.

మామ్మగారికి డల్లాసులో చదువుకొనుచున్న మనుమరాలు కలదు. ఆ పిల్లకొక జత కావలెననిరి. కొలత యెంతయని గాజులామె అడిగెను.

“దాని చెయ్యి అచ్చం నా చెయ్యే” అని మామ్మగారు చేయి చాచిరి.

గాజులామె వారి చేతిని తన రెండుచేతులలోనికి తీసికొని, వ్రేళ్ళు దగ్గఱచేర్చి మృదువుగా నొక్కి, ముదురాకుపచ్చని గాజొకటి యెక్కించెను. తరువాత రెండవది. ఆ పని యామెకు ఎంత యలవాటో, కన్నుమూసి తెఱచునంతలో నైపోయెను. మాలో నొకామె “అమ్మా, ఆమెకు...” అని యారంభించి, అక్క మోచేతితో తాకగా నాగిపోయెను. గాజులామెకు మన యాచారము తెలియదో, తెలిసియే యట్లు చేసినదో మాకు తెలియదు. “సరిగ్గ వట్టినయి అమ్మా. మంచిగున్నది చెయ్యి” అని మాత్రమనెను.

మామ్మగారు చేయి ముందుకు పట్టుకొని చూచుకొనిరి. కుంపటిమీద లక్క చిటపటలాడుచుండెను. వారి ముఖమున సంతోషమనుటకును లేదు, దుఃఖమనుటకును లేదు. కొంతసేపటికి, “ఆయన ఒకసారి కోర్టు పనిమీద హైదరాబాదు వచ్చి, లక్కగాజులు తెస్తానని మరిచిపోయి వచ్చారు. నేను మూడు రోజులు మాట్లాడలేదు” అనిరి. ఎప్పుడని అక్క అడిగెను. పెద్దబ్బాయి పుట్టకముందనిరి.

గాజులామె తీయుదునాయన్నట్లు చేయి చాచెను. మామ్మగారు చేయి వెనుకకు తీసికొని, “ఉండనీ” అనిరి. మనుమరాలికై అదే కొలతలో ఎఱ్ఱని జత వేఱుగా కట్టించిరి.

సాలారుజంగు మ్యూజియము చూచుటకు మాకు ప్రొద్దు చాలలేదు. 1951లో తెఱచిన యా ప్రదర్శనశాల మూసీ యొడ్డుననే కలదు. దానికే యొక దినము ప్రత్యేకింపవలెను, శుక్రవారము సెలవని గుఱుతుంచుకొనవలెను. పురానాపూలును మిగిలిపోయినది. పిల్లలు బడినుండి వచ్చు వేళ దగ్గఱపడుటచే మరల యాకుత్‌పుర చేరి బండి యెక్కితిమి. మధ్యాహ్నపు బండిలో సందడి తక్కువ. మామ్మగారు కిటికీప్రక్కన కూర్చుండి కాచిగూడవఱకు చేతిని చీరచెఱగు క్రింద నుంచుకొనిరి. సికిందరాబాదు దాటిన పిదప చెఱగు జారినది, వారు సవరించుకొనలేదు.

లింగంపల్లిలో వారి కుమారుడు ఆఫీసునుండి త్వరగా వచ్చి స్టేషను బయట కనిపెట్టుకొనియుండెను. మెట్లు దిగుటకు చేయి పట్టుకొన్నప్పుడు గాజులు చూచెను. మేము నడక నెమ్మదిచేసితిమి. అతడు తల్లి ముఖము చూచి, మఱల గాజులు చూచి, “ఎంత పడ్డాయమ్మా?” అని యడిగెను.

“నాలుగొందలు. అది మూడొందలకే ఇస్తానంది, నేనే ఇచ్చాను” అని మామ్మగారు చెప్పి, వచ్చు బుధవారమున పురానాపూలు చూడవలెననియు, ఈమాఱు మంచినీళ్ళ సీసా పెద్దది తేవలెననియు మాతో చెప్పుచు కారెక్కిరి.